నియమము పెంచిన రెక్క

పందెపు పడవల చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించినవి, ధనము వెల్లువగా పోసి కట్టిన మహానౌకలు కావు. పొడవు 25 అడుగులను, వెడల్పు 14 అడుగులను, తెరచాప 300 చదరపుటడుగులను మించరాదని విధించి, తక్కినదంతయు శిల్పి ప్రతిభకు విడిచిపెట్టిన సి-క్లాస్ కాటమరానులు, అనగా జంటదోనెల పడవలు. 1961లో ఆరంభమైన ‘లిటిల్ అమెరికాస్ కప్’ చిరకాలము వీని పోటీయే.

యతిప్రాసల కట్టుబాటులోనే కవి ప్రౌఢి తేలునట్లు, చాపను పెంచుటకు వీలులేనందుననే, ఉన్న చాపచేత అధికమైన పని చేయించు చింత ఆ శిల్పులకు కలిగెను. మొదట తెరచాపకొయ్యనే రెక్క ఆకృతిలో మలచి, దాని వెనుక గుడ్డచాప కట్టిరి. 1966 నాటి బ్రిటిష్ పడవ ‘లేడీ హెల్మ్స్‌మన్’ అట్టిది. పిమ్మట గుడ్డను విడనాడి, నిలువుగా నిలిపిన గట్టి రెక్కనే చాపగా చేసికొనిరి.

విమానపు రెక్కకు మీదు, క్రిందు నిశ్చితములు. పడవకో, గాలి ఒకప్పుడు కుడినుండియు, ఒకప్పుడు ఎడమనుండియు వీచును గనుక, రెక్క ఇరుప్రక్కల సమానముగా నుండియు, వలసిన ప్రక్కకు వంపు తిరుగవలెను. అందుకై దానిని ముందు భాగము, వెనుక ఫ్లాపు అని విభజించి, నడుమ సన్నని సందు విడిచిరి. ఫ్లాపు తిరిగినప్పుడు, గాలి ఒత్తిడి గల ప్రక్కనుండి ఆ సందుగుండ దూసికొనిపోవు ప్రవాహము, ఆవలి ప్రక్కన వేగముడిగి రెక్కను విడిచిపోనున్న గాలికి మరల సత్తువ నొసగును. కార్బన్ ఫైబరు దూలమునకు పలుచని అడ్డుపట్టెలు కూర్చి, వానిపై పారదర్శకమైన ప్లాస్టిక్ పొర పరచి, ముడుతలన్నియు బిగిసి నునుపుదేరువరకు వేడి సోకించు పనితనమును చూచినవారికి, అది తేలికైనదనియే గాని సులభమైనదని తోచదు.

ఈ విద్యలో ఆరితేరిన డేవ్ హబ్బర్డ్, డంకన్ మక్‌లేన్‌ల తోడ్పాటుతోనే 1988 నాటి అమెరికాస్ కప్ పోటీలో అమెరికా నావికుడు డెనిస్ కానర్ రెక్క నెత్తిన కాటమరానుతో, శాన్ డియాగోలో న్యూజీలాండు మహానౌకను 2-0తో ఓడించెను. 2013లో అదే కప్పునకై జరిగిన శాన్‌ఫ్రాన్సిస్కో పందెములకు రెక్కలు 40 మీటర్ల ఎత్తునకు పెరిగెను.

అయినను గుడ్డచాపవలె ఈ రెక్కను గాలి హెచ్చినపుడు కుదింపరాదు, చుట్టిపెట్టరాదు. ఆ మహారెక్కలను ప్రతిదినము పందెము ముగియగానే క్రేనుతో దింపవలసివచ్చెను. 2021 నాటికి అమెరికాస్ కప్ రెండు పొరల మెత్తని చాపలకు మరలినది. కావున ఈ రెక్క సర్వజనోపయోగి యని నేననను. కాని 40 మీటర్ల రెక్కకు దక్కిన కీర్తిలో సింహభాగము, ధనమునకు గాక, ఆ 300 చదరపుటడుగుల నియమమునకే చెందవలెనని నా నిశ్చితాభిప్రాయము.