మెట్టుకీ మెట్టుకీ మధ్య

1940లో ఆలిండియా రేడియో హార్మోనియం మీద నిషేధం విధించింది. 1971లో గానీ ఆ కట్టుబాటు సడలలేదు. ఆ మూడు దశాబ్దాలూ మన ఊళ్లలో పద్యనాటకం, భజన, హరికథ హార్మోనియం పెట్టెను పక్కన పెట్టుకునే నడిచాయి. అయినా విద్వాంసులు దాని మీద మోపిన నేరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఈ మెట్టు నొక్కితే ఒక స్వరం, పక్క మెట్టు నొక్కితే ఇంకో స్వరం పలుకుతుంది. రెంటికీ నడుమనున్న చోటికి హార్మోనియంలో దారి లేదు. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం ఉండేది అక్కడే.

ఎలక్ట్రానిక్ కీబోర్డు చూడ్డానికి హార్మోనియం చెల్లెలిలాగే ఉంటుంది. అవే తెల్ల మెట్లు, అవే నల్ల మెట్లు. అందుకే ఆ పాత నేరం దీని మీదా పడింది. కానీ చాలా కీబోర్డుల ఎడమ చివర ఒక చిన్న చక్రం ఉంటుంది. కొన్ని కంపెనీల వాటిలో అది పక్కలకు కదిలే పుల్లలా ఉంటుంది. పేరు పిచ్ బెండర్. 1970లో అమెరికాలో వచ్చిన మినీమూగ్ సింథసైజర్‌తో ఈ ఏర్పాటు ప్రసిద్ధమైంది. దాన్ని తయారుచేసినవాళ్లు తోడి రాగాన్ని మనసులో పెట్టుకుని చేయలేదు. ఐనా మన సంగీతానికి ఆ యంత్రం మొత్తంలో అన్నిటికన్నా అవసరమైనది అదే. వందలకొద్దీ టోన్లు, రిథమ్‌లు, మెరిసే తెర చూసి కీబోర్డు కొని, ఆ చక్రాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోనివాళ్లు ఎంతమందో ఉన్నారు. వాళ్లను ఆ చక్రం దగ్గరికి తీసుకెళ్లాలనే ఈ వ్యాసం.

చక్రాన్ని పైకి తిప్పితే నొక్కి ఉన్న స్వరం తెగకుండా హెచ్చుతుంది, కిందికి తిప్పితే తగ్గుతుంది, వదిలేస్తే స్ప్రింగు దాన్ని మధ్యకు తెచ్చేస్తుంది. కొత్త కీబోర్డులో దాని పరిధి సాధారణంగా అటు రెండు స్వరస్థానాలు, ఇటు రెండు స్వరస్థానాలు. మెనూలోకి వెళ్లి 12 స్థానాల దాకా పెంచుకునే వీలు చాలావాటిలో ఉంటుంది. పెంచకండి. పరిధి పెరిగినకొద్దీ వేలు వెంట్రుకవాసి కదిలినా స్వరం గతి తప్పుతుంది. మన గమకాల్లో చాలా భాగం ఆ రెండు స్థానాల్లోనే ఇమిడిపోతుంది.

తోడి గాంధారాన్ని తీసుకుందాం. సి మెట్టును షడ్జం చేసుకుంటే, సాధారణ గాంధారం రెండో నల్ల మెట్టు మీద ఉంటుంది. తోడిలో ఆ గాంధారం ఊరికే నిలబడదు. కింద శుద్ధ రిషభం వైపు, పైన శుద్ధ మధ్యమం వైపు ఊగుతుంది. గాంధారం నుంచి రిషభానికి రెండు స్థానాలు, మధ్యమానికీ రెండు స్థానాలే. అంటే నల్ల మెట్టు నొక్కిపట్టి చక్రాన్ని కింది అంచుదాకా తిప్పితే సరిగ్గా రిషభం, పై అంచుదాకా తిప్పితే సరిగ్గా మధ్యమం! గొంతుకు అంత సులభంగా లొంగని తోడి గాంధారానికి ఈ యంత్రంలో రెండు పక్కలా గట్టు కట్టి ఉంది. అభ్యాసం ఇక్కడే మొదలుపెట్టమంటాను.

శంకరాభరణం మధ్యమం దగ్గరికొస్తే ఆ ఆసరా పోతుంది. ఆ మధ్యమం పైన పంచమం వైపు రెండు స్థానాలు వెళ్తుంది, కింద అంతర గాంధారం వైపు ఒక్క స్థానమే దిగుతుంది. పైకి అంచుదాకా వెళ్లొచ్చు, కిందికి మాత్రం సగం దారిలోనే ఆగాలి. ఆగకుండా చివరిదాకా లాగితే సాధారణ గాంధారం తగిలి శంకరాభరణం అక్కడికక్కడే చెడుతుంది. ఎక్కడ ఆగాలో యంత్రం చెప్పదు. చెవి చెప్పాలి, దాన్ని బట్టి బొటనవేలు నేర్చుకోవాలి. అందుకే ఏ గమకాన్నైనా ముందు గొంతుతో పాడి, ఆ తర్వాతే చక్రం మీద వెతుక్కోవాలి. గొంతులో లేని గమకం వేలికి దొరకదు.

బెండర్ పక్కనే మాడ్యులేషన్ అని ఇంకో చక్రం ఉండొచ్చు. తిప్పగానే స్వరం దానంతటదే వణుకుతుంది కనుక కొత్తవాళ్లకు స్వరాన్ని ఊపే కంపిత గమకం దొరికిపోయిందనిపిస్తుంది. అది కంపితం కాదు. చక్రం తిప్పినకొద్దీ ఆ వణుకు వెడల్పు మారుతుందేమో గానీ దాని తీరు మాత్రం ఏ రాగంలోనైనా ఒక్కటే. కంపితం ఒకచోట తాకి వచ్చేస్తుంది, ఒకచోట క్షణం నిలుస్తుంది, విళంబంలో ఒకలా, మధ్యమకాలంలో ఒకలా నడుస్తుంది. భైరవి నిషాదం, తోడి గాంధారం ఒకే తీరున ఊగితే వినేవాడికి రాగం ఎలా తెలుస్తుంది? శాస్త్రీయ సంగీతం వాయించేటప్పుడు ఆ చక్రాన్ని మరిచిపోవడమే మేలు.

జారుకు మెళకువ వేరు. చక్రాన్ని ముందే కింది అంచుకు లాగి ఉంచి, అప్పుడు చతుశ్రుతి రిషభం మెట్టు నొక్కితే షడ్జం పలుకుతుంది. మెల్లగా వదిలితే స్వరం రిషభానికి జారి నిలుస్తుంది. మెట్టు నొక్కడానికీ చక్రం వదలడానికీ నడుమ ఉండే ఆ చిన్న వ్యవధిలోనే అందమంతా ఉంది. అలాగని అన్ని గమకాలకూ చక్రం మీద పడకూడదు. జంటస్వరాల్లో రెండో స్వరానికి కింది స్వరం తాకిడి ఇచ్చే స్ఫురితాన్ని కుడిచేతి వేళ్లే చక్కగా పలికిస్తాయి. కింది మెట్టును మెరుపులా తాకి పైకి రావడమే. పొట్టి గమకాలు వేళ్లకు, పొడుగు గమకాలు చక్రానికి అని నేను పంచుకుంటాను. రెండు చేతులతో పాశ్చాత్య పద్ధతిలో నేర్చుకున్నవాళ్లకు ఎడమచేయి వృథా అవుతోందనిపించవచ్చు. నిజానికి కుడిచేయి సాహిత్యం చెబుతుంటే రాగం చెప్పేది ఎడమచేయి.

టోన్ ఎంపిక దగ్గర చాలామంది తొందరపడతారు. పియానో టోన్‌తో కర్ణాటక సంగీతం కుదరదు. సుత్తి దెబ్బతో పుట్టి ఆరిపోయే ఆ నాదాన్ని సాగదీస్తే అసహజంగా వినిపిస్తుంది. వేణువు, వయొలిన్, క్లారినెట్ లాంటి నిలిచే నాదాలు గమకాన్ని మోస్తాయి. వీణ టోన్ ఉన్న కీబోర్డయితే వీణ మర్యాద తెలిసి వాయించాలి. వైణికుడు మెట్టు మీద తంత్రిని పక్కకు లాగినప్పుడు స్వరం హెచ్చుతుంది తప్ప తగ్గదు. లాగిన తీగను వదిలితే మొదటి చోటికి వస్తుంది, అంతే. కనుక వీణ టోన్‌లో కింది స్వరం మెట్టు నొక్కి చక్రాన్ని పైకే తిప్పాలి. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వీణ రికార్డింగులు వింటే ఒక్క మీటుతో ఎంత దూరం వెళ్లవచ్చో తెలుస్తుంది. ఒక్కసారి మెట్టు నొక్కి, నాదం ఆరేలోగా రెండు మూడు స్వరాలు చక్రంతోనే పలికించే సాధనకు వాళ్లే గురువులు.

ఇంకో ఇబ్బందుంది. గొంతు ఒక్క ఊపిరిలో నాలుగు స్వరాలు అతికిస్తుంది. కీబోర్డు ప్రతి మెట్టుకూ కొత్త దెబ్బ కొడుతుంది. కొంచెం పెద్ద మోడళ్లలో మోనో, లెగాటో అనే అమరికలు ఉంటాయి. అవి వేస్తే ఒక వేలు ఎత్తకముందే ఇంకో వేలు వేసినప్పుడు నాదం మళ్లీ మొదలవకుండా కొనసాగుతుంది. పోర్టమెంటో కలిపితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది కూడా. దాని సమయాన్ని బాగా తక్కువలో పెట్టుకోవాలి, లేదంటే ప్రతి స్వరమూ మత్తుగా తూలుతుంది. సస్టెయిన్ పెడల్ మీద మాత్రం కాలు పెట్టొద్దు. ముందు స్వరం మోగుతూ ఉండిపోయి, చక్రం తిప్పినప్పుడు అదీ కలిసి వంగుతుంది.

శ్రుతి విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఎడమచేత్తో షడ్జ పంచమాలు నొక్కిపట్టి దాన్నే తంబురాగా వాడుకుంటే, గమకం వేసిన ప్రతిసారీ శ్రుతి కూడా ఊగే ప్రమాదం ఉంది. షడ్జం ఊగిందంటే ఇక మిగిలేదేముంది? విడిగా శ్రుతిపెట్టె గానీ ఫోన్‌లో తంబురా గానీ పెట్టుకోవడం మంచిది. భారతీయ సంగీతం కోసమే యమహా, కాసియో తెచ్చిన మోడళ్లలో తంబురా నాదం అంతర్భాగంగానే వస్తోంది.

తంబురా పక్కన కూర్చోగానే కీబోర్డులోని మరో లోపం బయటపడుతుంది. దాని 12 స్థానాలు సమానంగా కోసినవి, ఒక్కొక్కటి 100 సెంట్లు. అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురా మంద్ర షడ్జం తీగలోంచి దానంతటదే పలికే గాంధారం మాత్రం 386 దగ్గర వినిపిస్తుంది. ఆ 14 సెంట్ల తేడా చెవిలో అలలు అలలుగా రాసుకుంటుంది. స్కేల్ ట్యూనింగ్ ఉన్న కీబోర్డయితే అంతర గాంధారాన్ని 14 సెంట్లు, కాకలి నిషాదాన్ని 12, చతుశ్రుతి ధైవతాన్ని 16 దించుకోవచ్చు. మోహనంలో గాంధారం నిలకడగా నిలిచే చోట ఈ దిద్దుబాటు విలువ వెంటనే తెలుస్తుంది. షడ్జాన్ని ఇంకో శ్రుతికి జరిపే ట్రాన్స్‌పోజ్ మార్చాక మాత్రం దించిన స్వరాలు వాటి స్థానాల్లోనే ఉన్నాయో లేదో తంబురాతో మళ్లీ చూసుకోవాలి.

ఆ ట్రాన్స్‌పోజ్‌ను కొందరు గురువులు చిన్నచూపు చూస్తారు. అది సోమరిపోతుల బటన్ అంటారు. నేను ఒప్పుకోను. మన సంగీతంలో షడ్జం పాడేవాడి గొంతును బట్టి కదిలేదే గానీ ఒకచోట పాతుకున్నది కాదు. పద్యనాటకంలో చూడండి. కృష్ణుడి పాత్రధారిది ఒక శ్రుతి, ఆ వెంటనే పద్యం అందుకునే అర్జునుడిది ఇంకో శ్రుతి, సత్యభామ పాడితే అది ఐదున్నర కావచ్చు. హార్మోనిస్టు ప్రతిసారీ వేళ్ల నడకను కొత్త మెట్ల మీదికి మార్చుకునేవాడు, అది గొప్ప విద్యే. కీబోర్డిస్టు ఒక బటన్‌తో ఒకటి శ్రుతి నుంచి నాలుగున్నరకు వెళ్లి, మిగిలిన శ్రద్ధంతా నటుడి రాగం ఎటు పోతోందో పట్టుకోవడం మీద పెడతాడు. అక్కడ కావలసింది అదే కదా.

తాళానికి వస్తే, ఆటోమేటిక్ రిథమ్‌లను కట్టేసి మెట్రోనోమ్ పెట్టుకోమని చెబుతాను. ఆదితాళానికి ఏదో ఒక రిథమ్ సరిపోవచ్చు గానీ మిశ్రచాపు ఏడు అక్షరాలకూ ఖండచాపు ఐదింటికీ సరైన నడక దొరకడం కష్టం. దొరికినా అది ఎత్తుగడ దగ్గర ఆగి మన కోసం చూడదు.

రికార్డర్ మాత్రం నాకు చాలా ఇష్టమైన సాధనం. సాంగ్ రికార్డర్‌లో దాచేది శబ్దాన్ని కాదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాం, ఎంత బలంగా నొక్కాం, చక్రం ఎంత తిప్పాం అన్న వివరాలను దాచుతుంది. ఇలా వివరాలుగా పంపుకునే మిడి అనే ఏర్పాటు 1983లో వచ్చింది. దాని పుణ్యాన, వాయించినదాన్ని సగం వేగంలో పెట్టి వినవచ్చు, శ్రుతి దిగదు. 120లో హడావుడిగా వెళ్లిపోయిన కంపితం 60లో మన ముందు తీరిగ్గా విప్పుకుంటుంది. శంకరాభరణం మధ్యమం కింద ఎంతదాకా దిగిందో, జారు ఎక్కడ తొందరపడిందో దాపరికం లేకుండా వినిపిస్తుంది. గురువు వారానికి రెండుసార్లే దొరికే పిల్లలకు, అమెరికాలో ఉంటూ వీడియోకాల్‌లో నేర్చుకునే తెలుగు పిల్లలకు ఇంత నిజాయతీగా తప్పు చూపించే మిత్రుడు ఇంకెక్కడ దొరుకుతాడు?

నేర్పడానికి కీబోర్డు ఎంత మంచిదో ఐదు నల్ల మెట్లు చాలు చెప్పడానికి. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జం చేసుకుని నల్ల మెట్ల మీదే వరుసగా వెళ్తే మోహనం. దాని పక్కదాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి. ఆ తర్వాతిది షడ్జమైతే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది షడ్జమైతే శుద్ధ సావేరి, రెండోది షడ్జమైతే శుద్ధ ధన్యాసి. మెట్లు అవే ఐదు, రాగాలు ఐదు. గ్రహభేదమన్న మాట విని బెదిరే పదేళ్ల పిల్ల కూడా దీన్ని కళ్లతో చూసి, వేళ్లతో తాకి పోల్చుకుంటుంది. శుద్ధ గాంధారమూ చతుశ్రుతి రిషభమూ ఒకే మెట్టు మీద ఎందుకున్నాయో, 12 స్థానాలకు 16 పేర్లు ఎలా వచ్చాయో, వాటి నుంచి 72 మేళకర్తలు ఎలా పుట్టాయో వివరించడానికి ఇంతకన్నా స్పష్టమైన బొమ్మ లేదు. వీణ మీదా ఈ స్థానాలన్నీ ఉన్నాయి, కానీ ఇలా రెండు రంగుల్లో పరిచి ఉండవు.

కొత్త వాద్యాన్ని కచేరీ వేదిక అంత తేలిగ్గా రానివ్వదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని వచ్చినప్పుడు, గమకం పలకని విదేశీ వాద్యమన్న సందేహాలు లేచాయి. ఆయన వాద్యాన్నే మార్చుకుని, ఎనిమిది తీగలను ఐదు చేసుకుని, వాయించి చూపించి ఒప్పించాడు. కీబోర్డు మీద అలాంటి శ్రమ చేసినవాళ్లలో చెన్నై విద్వాంసుడు కె. సత్యనారాయణన్ ముందుంటారు. చిన్ననాటి నుంచే ఆయన ఈ వాద్యంతో కర్ణాటక కచేరీలు చేస్తూ వచ్చారు. ఆయన వాయిస్తున్నప్పుడు కుడిచేతిని కాదు, ఎడమచేతిని చూడాలి.

అన్ని రాగాలూ ఇలా లొంగుతాయని చెప్పను. హంసధ్వని, మోహనం, మాయామాళవగౌళ త్వరగా చేతికొస్తాయి. తోడి, భైరవి సాధనతో వస్తాయి. సహాన, ఆనందభైరవి లాంటి రాగాల్లో స్వరం ఒకచోట మొదలై, ఇంకోచోట వాలి, మధ్యలో దేన్నీ తిన్నగా తాకకుండా వెళ్తుంది. ఏ మెట్టు నొక్కి చక్రం ఎటు తిప్పాలన్నదే అక్కడ పెద్ద ప్రశ్న, ప్రతి సంచారానికీ జవాబు మారుతుంది. వాటికి పద్ధతి ఇంకా తయారవుతోంది. సాధకులు తమ గదుల్లో ఒక్కొక్క ప్రయోగం రాసుకుంటూ తయారుచేసుకుంటున్నారు. మీ ఇంట్లో అటక మీద ఒక కీబోర్డు ఉండి, దానికి ఎడమపక్క చక్రం ఉంటే, సి మెట్టు షడ్జంగా రెండో నల్ల మెట్టు నొక్కి, గాంధారం పాడుతూ మొదలుపెట్టండి.