సీసా మీద దేశం పేరు

వైను మంచిచెడ్డలు తేల్చే ఇంగ్లీషు పుస్తకాలు కోకొల్లలు. వాటిలో మాకు రెండు లోపాలు కనబడుతున్నాయి. ఒకటి, దేశం పేరు చూసి మార్కులు వేయడం. రెండు, మనం ఎన్నడూ తినని పండ్ల పేర్లతో రుచి చెప్పడం.

మొదటిదానికి మందు 1976లోనే దొరికింది. ఆ ఏడు మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ పేర్లు కనబడనీయకుండా వైనులు పోయిస్తే, ఫ్రెంచి పరీక్షకులే తెలుపులోనూ ఎరుపులోనూ కాలిఫోర్నియాకు ప్రథమ స్థానం ఇచ్చారు. మన రెడ్‌మండ్ పొరుగున వుడిన్‌విల్‌లో 1976లో భవనం తెరిచిన షాటో సెయింట్ మిషెల్ కూడా, అంతకు రెండేళ్ళ ముందు లాస్ ఏంజిలిస్ టైమ్స్ పెట్టిన ఇటువంటి పరీక్షలోనే తన రీస్లింగుతో నెగ్గింది. కొత్త మందును పరీక్షించేటప్పుడు డాక్టరుకూ రోగికీ దాని పేరు చెప్పకపోవడం వంటిదే ఈ పద్ధతి.

మేమూ అలాగే, అంతగా పేరులేని నాలుగు చోట్ల వైనులకు కాగితపు సంచులు తొడిగి, మిత్రులతో కలిసి చవి చూశాము. మనిషికి రెండేసి గుటకలు, ఉమ్మడానికి గిన్నె. వైద్యవృత్తిలో ఉన్నాం కనుక ఒక మనవి: గుండెకు మంచిదని మాత్రం ఎవరూ తాగవద్దు. మద్యం కాన్సర్‌కు కారణమని 2025 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ హెచ్చరించారు.

ఇక మా తీర్పు.

జార్జియా: అట్లాంటా ఉన్నది కాదు, కాకసస్ పర్వతాల దాపునున్న దేశం. అక్కడ సుమారు 8,000 ఏళ్ళనాడే వైను చేసినట్టు మట్టిపెంకులలోని ఆనవాళ్ళను బట్టి 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. నేలలో పాతిన క్వెవ్రీ అనే పెద్ద కుండలలో తెల్లద్రాక్షను తొక్కలతో సహా పులియబెడతారు. తేనెరంగు, ఎండు నారింజతొక్క వాసన, మొదటి గుటక మొరటు. మల్లినాథసూరి భారవి కవిత్వాన్ని కొబ్బరికాయతో పోల్చాడు. ఈ వైనూ నారికేళపాకమే. పెంకు పగిలాకే రసం.

ఉరుగ్వే: టనాట్ ద్రాక్ష. పుస్తకాలు టానిన్ అంటూ పేజీలు నింపే గుణానికి మనకు వగరు అన్న ఒక్క మాట చాలు. టానిన్ లాలాజలంలోని ప్రొటీనులను పట్టుకోగానే నాలుక గరుకెక్కుతుంది. నేరేడుపండు తిన్నప్పుడు జరిగేదీ అదే. ఒట్టిగా కష్టం, వేటమాంసం కూరతో మెత్తబడింది.

లెబనాన్, బెకా లోయ: ఎండుఖర్జూరం, చివర చిరుపులుపు. 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం సాగిన దేశమిది. ఆ సంగతి తెలియకముందే అందరూ దీనికి మొదటి స్థానం ఇచ్చారు. జాలి మార్కులు కావు.

నంది కొండలు: బెంగుళూరుకు ఉత్తరాన, 1988లో గ్రోవర్ కుటుంబం తోట మొదలుపెట్టిన ప్రాంతం. మిరియపు ఘాటు, తక్కువ వగరు, రెండో స్థానం. సంచి తీయగానే ఒకరిద్దరు మిత్రులు, "ఇండియాదా? అదే, ఏదో లోటుగా ఉందనుకున్నాం" అన్నారు. నిమిషం క్రితం ఆ లోటు ఎవరికీ తగలలేదు!

మన డిగ్రీ మీది ఊరి పేరు చూసి ఇక్కడ ఎవరైనా పెదవి విరిస్తే మనకు మనసు చివుక్కుమంటుంది. అదే పని మనం మన నేల పంటకు చేస్తున్నాము. ఉగాది పచ్చడితో ఆరు రుచులు విడదీయడం నేర్చిన నాలుక మనది. పిల్లలకు వైను అక్కరలేదు గాని, ఆ ఆరు మాటలు అక్కరే. ఏ వస్తువునైనా ముందు రుచి చూసి, తరువాత పేరు చదవడం వారికి నేర్పుదాం.