ప్రాథమిక తరగతిలో మాట, చదువు, రాత: తెల్లాపూర్ నేపథ్యంలో తెలుగు బోధన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో భాషా నైపుణ్యాల బోధన కొంతకాలంగా ధారాళ పఠనం చుట్టూ తిరుగుతోంది. తెలుగు లిపి ఉచ్చారణకు దగ్గరగా ఉండడం వల్ల అర్థం తెలియని పిల్లలు కూడా పాఠాన్ని తప్పులేకుండా చదవగలరు. పలుభాషల పిల్లలు కలిసి కూర్చునే తెల్లాపూర్ వంటి ప్రాంతంలో ఈ స్థితి మరింత తీవ్రం. చదువుకూ రాతకూ పునాదియైన మాటకు మూల్యాంకనంలో స్థానం దక్కకపోవడమే ప్రధాన లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రాథమిక విద్య, భాషణం, పఠనం, లేఖనం, తొలిమెట్టు, బహుభాషా తరగతి, తెల్లాపూర్.

1. ఉపోద్ఘాతం:

సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని తెల్లాపూర్ ఒకనాటి వ్యవసాయ గ్రామం. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఐటీ సంస్థలు విస్తరించడంతో పొలాల స్థానంలో బహుళ అంతస్తుల నివాస సముదాయాలు వెలిశాయి. 2018లో ఈ ఊరు పురపాలక సంఘమైంది. ఇటువంటి ప్రాంతంలో మూడు రకాల ఇళ్ల నుంచి పిల్లలు బడికి వస్తారు. మొదటివి తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలంగాణ తెలుగు కుటుంబాలు. రెండవవి ఐటీ ఉద్యోగాల కోసం వివిధ రాష్ట్రాల నుంచి వచ్చినవి. మూడవవి ఆ భవనాలను కట్టడానికి ఒడిశా, బిహార్, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాల నుంచీ పాలమూరు నుంచీ వలస వచ్చినవి.

ఈ పిల్లలందరికీ తెలుగు నేర్పవలసిన బాధ్యతను 2018 నాటి తెలుగు తప్పనిసరి బోధన చట్టం పాఠశాలలపై ఉంచింది. రాష్ట్ర బోర్డుతోపాటు ఇతర బోర్డుల పాఠశాలలకూ అది వర్తిస్తుంది. మరోవైపు 2022–23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లమాధ్యమం, ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించాయి. దీనితో తెలుగు ఒకే తరగతిలో ఒకరికి ఇంటిభాష, మరొకరికి రెండవ భాష, ఇంకొకరికి మూడవ భాష అయింది. బోధనాపద్ధతి మాత్రం అందరికీ తెలుగు ముందే వచ్చునన్న ఊహపైనే నడుస్తోంది.

2. లిపి సౌలభ్యం కలిగించే భ్రమ:

గఫ్, టన్మర్ 1986లో ప్రతిపాదించిన సరళ నమూనా ప్రకారం పఠనావగాహన రెండు అంశాల గుణకారఫలం. ఒకటి అక్షరాలను ధ్వనులుగా మార్చగలగడం, రెండవది భాషను విని అర్థం చేసుకోగలగడం. గుణకారంలో ఒక అంశం సున్న అయితే ఫలితమూ సున్నయే. ఆంగ్ల వర్ణక్రమం క్లిష్టమైనది కాబట్టి అక్కడ మొదటి అంశంలోని లోపం త్వరగా బయటపడుతుంది. తెలుగులో గుణింతాలూ ఒత్తులూ పట్టుబడిన తరువాత ఏ పదాన్నైనా దాదాపు పైకి చదవవచ్చు. అందుచేత రెండవ అంశంలోని లోపం కనపడకుండా దాగిపోతుంది.

అక్షరజ్ఞానం తేలికగా వస్తుందని దీని భావం కాదు. తెలుగుకు సోదరి లిపియైన కన్నడంపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన అక్షరసముదాయంపై పట్టు రావడానికి కొన్ని తరగతుల కాలం పడుతుందని చూపింది. ఈ ఫలితం తెలుగు ఉపాధ్యాయుల అనుభవానికీ దగ్గరగానే ఉంది. కాబట్టి అక్షరాభ్యాసాన్ని తగ్గించమనడం పరిష్కారం కాదు. ఆ కొన్నేళ్లూ పిల్లల మాట ఎదుగుతోందా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న. ‘కళ్లం’ అనే పదాన్ని ఒడియా పిల్లవాడూ, గేటెడ్ కాలనీలోని తెలుగు పిల్లా ఒకే తీరున స్పష్టంగా చదవగలరు. ఆ పదం వినగానే ధాన్యం కుప్ప ఇద్దరికీ మనసులో మెదలకపోవచ్చు. చదవడం వచ్చిందని ఉపాధ్యాయుడు ముందుకు సాగుతాడు. పిల్లలు అక్కడే ఆగిపోతారు.

3. వేగం కొలమానమైనప్పుడు:

2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్, 1 నుంచి 5 తరగతులకు 2022 ఆగస్టు 15న తెలంగాణ ప్రారంభించిన తొలిమెట్టు కార్యక్రమం ప్రాథమిక దశపై దృష్టి నిలపడం స్వాగతించదగిన పరిణామం. మూడవ తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలను అర్థవంతంగా చదవాలన్నది నిపుణ్ లక్ష్యాలలో ఒకటి. ఇందులో ‘అర్థవంతంగా’ అన్న షరతు ఉన్నా, గడియారంతో కొలవడానికి వీలైనది సంఖ్య మాత్రమే. బోధన సహజంగా కొలతకు అందేదానివైపే మొగ్గుతుంది.

తెలుగు పదనిర్మాణం దృష్ట్యా ఆ సంఖ్య కూడా సమస్యాత్మకమే. ‘వెళ్లలేకపోయారేమో’ అన్నది తెలుగులో ఒక్క పదం. ఆంగ్లంలోనో హిందీలోనో అదే భావానికి పలు పదాలు కావాలి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో నిర్వహించిన ప్రాథమిక అభ్యసన అధ్యయనం భాషలవారీగా ప్రమాణాలను నిర్ణయించడం ఈ భేదాన్ని గుర్తించినట్లే. అయితే ఏ భాషలోనైనా వేగం పఠనానికి ఒక లక్షణమే తప్ప పఠనం కాదు.

4. పుస్తకంలో ఉండి పరీక్షలో లేని మాట:

తెలుగు పాఠ్యపుస్తకాల్లో వినడం, ఆలోచించి మాట్లాడడం ఒక సామర్థ్యంగా కనిపిస్తాయి. సంగ్రహణాత్మక మూల్యాంకనం ప్రధానంగా రాతపరీక్షయే కావడంతో ఆ అభ్యాసం తరగతిలో నామమాత్రమవుతుంది. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను చూడవలసిన చోట ప్రతి పిల్లవాడి మాటను వినడం కష్టమన్న వాదనలో న్యాయముంది. కాని, ఆ కష్టానికి మూల్యం చెల్లిస్తున్నది మాట్లాడని పిల్లలే.

చదవడం ద్వారా మాత్రమే పట్టుబడని అంశాలు తెలుగులో అనేకం. హిందీ ‘హమ్’ ఒక్కటే. తెలుగులో ‘మనం’, ‘మేము’ వేరు. ఎదుటివారిని కలుపుకుంటున్నామా లేదా అన్నది సంభాషణలో తేలవలసిన విషయం. హిందీలో ఎ–ఏ, ఒ–ఓ భేదం అర్థభేదకం కాదు కాబట్టి ‘మెడ–మేడ’, ‘కొన–కోన’ జంటలు ఆ పిల్లలకు చెవి ద్వారా నేర్పవలసినవి. ఒడియా, బెంగాలీ ఉచ్చారణలో ఇ–ఈ, ఉ–ఊ భేదం అర్థాన్ని మార్చదు. ఆ పిల్లలు దీర్ఘాన్ని వదిలేస్తే అది నిర్లక్ష్యం కాదు, ఇంటిభాష ప్రభావం. ఈ తేడా తెలియని ఉపాధ్యాయుడు దాన్ని తెలివితక్కువతనంగా లెక్కించే ప్రమాదముంది.

స్థానిక పిల్లల సమస్య ఇందుకు భిన్నమైనది. ‘మా నాయిన పనికి పోయిండు’ అన్న పిల్లవాణ్ణి వాక్యం మధ్యలోనే ఆపి ‘వెళ్లాడు’ అని దిద్దితే అతడు తెలుగు వచ్చినవాడై కూడా మౌనం వహిస్తాడు. ఈ ప్రశ్న కొత్తది కాదు. 20వ శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ పుస్తకభాషకూ వ్యవహారభాషకూ మధ్య ఉన్న దూరాన్ని ప్రశ్నించడం గిడుగు రామమూర్తి ఉద్యమానికి ప్రేరకమైంది. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేసిన గిడుగు కృషిలోని మూలసూత్రం, నేర్చుకునేవాడి నోటిభాష నుంచి మొదలుపెట్టడం. వ్యవహారభాష పుస్తకాలకెక్కి దశాబ్దాలు గడిచినా ఆ సూత్రం తరగతి గదికి పూర్తిగా చేరలేదు.

5. రాత: నకలు నుంచి వ్యక్తీకరణకు:

చూచిరాత చేతిని తీరుస్తుంది, ఉక్తలేఖనం చెవినీ చేతినీ కలుపుతుంది. రెండూ అవసరమే. వాటితోనే ఆగిన తరగతిలో ‘సొంతమాటల్లో రాయండి’ అన్న ప్రశ్నకు గైడులోని సమాధానమే సొంతమాట అవుతుంది. నోట పలకని వాక్యం కలం నుంచి రాదు. రాతలో కనిపించే పేదరికం చాలా సందర్భాల్లో మాట్లాడే అవకాశంలోని పేదరికమే.

6. ఆచరణకు సూచనలు:

అ) పాఠం తెరవడానికి ముందు దానిలోని కీలకపదాలపై పది నిమిషాల సంభాషణ జరగాలి. అపార్ట్‌మెంటు, ఇటుక, క్రేను, చెరువు వంటి చుట్టూ ఉన్నవాటి నుంచే మాట మొదలు కావచ్చు. తెలియని పదానికి ఇంటిభాషలోని పేరు చెప్పే అవకాశం పిల్లలకు ఉండాలి.

ఆ) పిల్లలు చెప్పిన వాక్యాలను ఉపాధ్యాయుడు బల్లపై రాసి, వారిచేత చదివించి, వారిచేతనే రాయించాలి. మాట, చదువు, రాత ఒకే పాఠంలో కలిసే సులభమార్గం ఇది. మొదట ‘పోయిండు’ అనే రాయాలి. పుస్తకంలోని ‘వెళ్లాడు’ రెండవ రూపంగా పక్కన చేరాలి.

ఇ) ధారాళ పఠన పరీక్ష తరువాత కనీసం ఒక ప్రశ్నకు పుస్తకం మూసి సమాధానం చెప్పించి, దాన్ని పఠనవేగంతోపాటు నమోదు చేయాలి.

ఈ) రోజుకు నలుగురైదుగురు చొప్పున మాటను గమనిస్తే నెలలో తరగతి మొత్తం పరిశీలనకు వస్తుంది. అందరినీ ఒకే రోజు పరీక్షించవలసిన అవసరం లేదు.

7. ముగింపు:

తెల్లాపూర్ వంటి ప్రాంతం తెలుగు బోధనకు మినహాయింపుగా కనిపించవచ్చు. వలసలూ ఆంగ్లమాధ్యమమూ విస్తరిస్తున్న కొద్దీ అటువంటి తరగతి గదే సాధారణమవుతుంది. తెలుగును తప్పనిసరి చేయడానికి చట్టం చాలు. దాన్ని పిల్లల భాషగా చేయడానికి సంభాషణ కావాలి. తప్పులేకుండా చదువుతూ ఏమీ చెప్పలేని పిల్లలను తయారుచేసే తరగతి నివేదికల్లో విజయవంతమే కావచ్చు. ఆ పిల్లలు పై తరగతుల్లో విజ్ఞాన, సాంఘిక శాస్త్రాల పాఠాలను ఎదుర్కొన్నప్పుడు లోటు బయటపడుతుంది. అప్పటికి నింద ప్రాథమిక బోధనపై గాక పిల్లలపై పడుతుంది. మాటకు మూల్యాంకనంలో స్థానం కల్పించడం ఆ అన్యాయాన్ని నివారించే తొలి చర్య.