ఏ ఊరు మీది?

వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలలో ఓపీ చీటి చేత బట్టుకొని ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు అపరిచితుల నడుమ మొట్టమొదట పుట్టెడి ప్రశ్న రోగమును గూర్చినది కాదు, ఊరిని గూర్చినది. “ఏ ఊరు మీది?” అని ఒకరనగా “ఘనపురం” అని రెండవవారందురు, వెంటనే “ఏ ఘనపురం? స్టేషన్ ఘనపురమా, ములుగు ఘనపురమా?” అని మారుప్రశ్న వచ్చును. కాజీపేట నుండి సికింద్రాబాదు పోవు రైలుమార్గముపై ఉండి, అచటి స్టేషనునే తన పేరులో చేర్చుకొన్న ఘనపురమొకటి. కాకతీయులనాటి కోటగుళ్ళకు నెలవైన ఘనపురము వేరొకటి. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు మొదటిది జనగామకును, రెండవది భూపాలపల్లికిని చెందినవి గాని, జబ్బు ముదిరిననాడు రెండూళ్లవారును తరచుగా చేరెడిది నేటికిని ఈ బల్లల మీదికే. ఊరు తేలిన పిదప, ఎవరో ఒక వియ్యంకుడో, మేనబావయో, ఇరువురికిని చదువు చెప్పిన పంతులో బయలుపడకపోడు. అంతవరకును భయముతో బిగుసుకొని కూర్చున్న మనిషి భుజములు అప్పుడు కొంత సడలును.

ఆసుపత్రుల గోడలపై “నిశ్శబ్దము పాటించుడు” అను పలకలు చాలాకాలముగా వేలాడుచున్నవి. వైద్యుని గదిలోనికి వినబడునట్లు కేకలు వేయరాదన్నంతవరకు ఆ ఆజ్ఞ న్యాయమే. కాని రోగులు వేచియుండు చోట మన ప్రాంతపు మర్యాద మౌనము కాదని, మాటయేనని, ఆ మాటకు ఎవరును వ్రాసిపెట్టని క్రమమొకటి కలదని, తల్లిదండ్రులకును తోబుట్టువులకును తోడువచ్చి ఏండ్ల తరబడి ఇట్టి బల్లలపై కూర్చుండి నేను గ్రహించితిని. ఊరు ముందు, బస్సులో వచ్చిరా, రైలులో వచ్చిరా అనునది తరువాత, ఆ పిమ్మట వానలు, పత్తి, నంబరు ఎంతవరకు వచ్చినదన్న విచారణ. ఇవన్నియు కడచిన తరువాత గాని “పానం ఎట్లుంటున్నది?” అని అడుగుటకు అధికారము రాదు. దానికైనను రోగి చెప్పదలచినంతయే సమాధానము. “ఊకెనే, జర చూపిచ్చుకుందామని వచ్చిన” అని అతడన్నచో, ఆ విషయము అంతటితో ముగిసినదని ఎరిగినవారు గ్రహించి, తిరిగి పత్తి ధరలోనికి మరలుదురు. ఎరుగనివారు ఎక్స్‌రే కవరు వంక చూచి “ఊపిరితిత్తులా?” అందురు. రోగి ప్రక్కనే కూర్చుండియుండగా అతనిని దాటి, తోడువచ్చినవారిని “ఏమైందట?” అని అడుగుట అంతకంటె పెద్ద దోషమని నా అభిప్రాయము; జబ్బు పడినంతమాత్రమున మనిషి తన మాట తాను చెప్పుకొను హక్కును కోల్పోడు.

ఇక అన్నింటికంటె కఠినమైన నియమము, అయినను అన్నింటికంటె తరచుగా భగ్నమగునది, చావు ముచ్చట తేరాదనునది. “మా మేనత్తకు గూడ గిట్లనే కడుపునొప్పితోని మొదలైంది, ఆర్నెల్లు గూడ ఉండలే” అని చెప్పువారికి దురుద్దేశము లేదు. తమ దుఃఖమును పంచుకొనుటకు చోటు దొరకినదను ఆత్రమే. అయినను వినువాని మొగమును చూడుడు. అతడు తన కడుపుపై చేయి వేసికొని, ఆ మేనత్త వయస్సెంతయని మెల్లగా అడుగును. చరకసంహిత విమానస్థానమున, శాస్త్రము నేర్వవచ్చిన శిష్యునికి గురువు విధించు నియమములలో, రోగి ఇంటి గుట్టు బయట పెట్టరాదనియు, ఆయువు తీరినదని తెలిసినను, చెప్పుటవలన రోగికో ఇతరులకో ఆఘాతము కలుగుచోట దానిని చెప్పరాదనియు కలదు. వైద్యునికే అంత నిగ్రహము విధింపబడియుండగా, ఏ శాస్త్రమును చదువక ప్రక్కబల్లపై కూర్చున్న మనకు ఎంత నిగ్రహముండవలెను!

స్కానింగు కేంద్రములలో ఇంకొక తీరు. లింగనిర్ధారణ చేయబడదను పలక అచట గోడకుండును. 1994 నాటి చట్టము వైద్యుని నోరు కట్టినది. ఆ పలక క్రిందనే కూర్చుండి పెద్దముత్తైదువలు గర్భిణి నడక చూచి, కడుపు చూచి, “కొడుకే” అనియో, పెదవి విరిచి మరొకటియో తేల్చివేయుదురు. ఇది వట్టి కాలక్షేపమని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. అప్పటికే ఇద్దరాడుబిడ్డల తల్లియైన ఆమె, అత్త ప్రక్కనుండగా, ఆ మాటను మోసికొని ఇంటికి పోవలెను.

ఒకానొక వైద్యశాలలో నేను చూచినది చెప్పెదను. ఇరువదియేండ్లు నిండని కుర్రవాడొకడు మూత బిగించిన చిన్న డబ్బాను సంచిలో దాచుకొని కూర్చుండెను. లోపలినుండి వచ్చిన ఉద్యోగి “టీబీ తెమడ పరీక్షకు వచ్చిందెవరు?” అని అందరును వినునట్లు కేక వేసెను. కుర్రవాడు లేవలేదు. రెండవ కేకకు లేచి, డబ్బా ఇచ్చి తిరిగి వచ్చుసరికి, అతడు కూర్చున్న బల్ల ఖాళీయై యుండెను. ఎదుటి బల్లపైనున్న ఒక పెద్దామె మాత్రము చోటు మారక, “దస్తీ అడ్డం పెట్టుకో బిడ్డా. ఏ ఊరు నీది?” అని అడిగెను. మందులు సరిగా మొదలుపెట్టిన కొన్ని వారములకే ఆ రోగము ఇతరులకంటు స్వభావము మిక్కిలి తగ్గుననియు, సాధారణముగా ఆరు నెలల చికిత్సతో నయమగుననియు ఆమెకు తెలియునో తెలియదో గాని, జాగ్రత్తయు ఆదరమును ఒకదానికొకటి అడ్డు రావని మాత్రము చక్కగా తెలియును. కుర్రవాడు దస్తీ తీసి నోటికడ్డము పెట్టుకొని, ఊరి పేరు చెప్పెను.

ఈ నడుమ చేతిఫోనులు వచ్చి బల్లమీది మాటలు తగ్గినవి. ఫోనులో గట్టిగా రిపోర్టు చదివి దూరపు బంధువులకు వినిపించుట మాత్రము పెరిగినది. తన రోగమైనచో అది వాని ఇష్టము. తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆమెకింకను ఎవరును చెప్పియుండని మాటను “క్యాన్సరే అంటున్నరన్నా” అని ఫోనులో చెప్పు కొడుకును ఏమనవలెను?

హెచ్‌ఐవీ సోకినవారి విషయమున 2017లో వచ్చిన చట్టము, వారి సమ్మతి లేనిదే సాధారణముగా ఆ సంగతిని వెల్లడింపరాదని శాసించినది. ఆ గౌరవము క్షయరోగికిని, మూర్ఛరోగికిని, సంతానము లేక వచ్చిన దంపతులకును దక్కవలెనని కోరుట అత్యాశ కాదు. వైద్యశాలలను నడుపువారికి నా విన్నపమొక్కటే: ఓపీ చీటిపై పేరును, సంఖ్యయు ఉన్నవి, ఆ పేరుతోనో, ఆ సంఖ్యతోనో పిలువుడు, రోగముతో పిలువవలదు.