మాంసపు కొట్టుమీది పలక

అమ్మువాడు తన సరకు గుణమును కొనువానికి దాచక చెప్పవలె ననుట పాతన్యాయమే. నేతిలో కల్తీని, తూకములో మోసమును సహింపని గృహస్థుడు మాంసము విషయమున మాత్ర మేల యూరకుండవలెను? మతవిధి ననుసరించి వధించిన పశువు మాంసమున కా సంగతి తెలుపు గుర్తుండవలెనని కొంద రడుగుచున్నారు. ఆ కోరికను మేము కాదనము. ఆ గుర్తు ఏమి చెప్పవలె ననుటయందే మా విమర్శ.

చింతలపూడివంటి యూర ఆదివారమునాడు మాంసపు కొట్టుముందు నిలిచినవారిని చూడుడు. ముస్లిము గృహిణి, దేవుని పేరు తలచి కోసిరా, నెత్తురు పూర్తిగా వోడినదా యని విచారించును. క్రైస్తవ కుటుంబమువారు, ఇది అమ్మవారికి వేసిన వేట కాదుగదా యని సంశయింతురు. తక్కిన పెక్కుమంది లేతదనమును, తూకమును చూచుకొని పోవుదురు. ఆ జీవి యెంత బాధపడి చచ్చినదని యడుగువారు ఏ యొకరిద్దరో యుందురు. మొదటి యిద్దరికి కొట్టువాడు జవాబు చెప్పగలడు. కడపటివారికి చెప్పువాడు లేడు.

మన చట్టము లీ విషయమున సగమే పలుకుచున్నవి. 1960 నాటి జంతుహింసా నివారణచట్టము 28వ విభాగమున, ఏ మతమువారైనను తమ మతము విధించిన రీతిని పశువును చంపుట నేరము కాదని యున్నది. 2001 నాటి కబేళా నియమములు చూడి పశువును, మూడు నెలలు నిండని పిల్లను, వైద్యుడు పరీక్షింపని దానిని వధింపరాదనుచున్నవి. ఒక పశువు చూచుచుండగా మరియొకదానిని కోయరాదనుచున్నవి. 2020 నాటి ఆహార నిబంధనలు మాంసాహారపు పొట్లముమీద గోధుమవన్నె త్రికోణము నుంచవలెననెను. అది మాంసమని చెప్పునే గాని, ఎట్టి మాంసమో చెప్పదు. మన యూళ్లలో మాంసము పొట్లములో గాక కొక్కెమునకు వ్రేలాడును గనుక ఆ త్రికోణమును కానరాదు.

ఇక ప్రభుత్వముల తీరు మరియు విచిత్రము. 2021 జనవరిలో నాటి దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ, కొట్లును భోజనశాలలును హలాలో ఝట్కాయో వ్రాసి చూపవలెనని తీర్మానించెను. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ ప్రభుత్వము హలాలు ధ్రువీకరణముగల సరకుల యమ్మకమునే నిషేధించి, ఎగుమతులను మాత్రము విడిచెను. ఒకచోట చెప్పకున్న తప్పు. వేరొకచోట చెప్పిన తప్పు.

హలాలనగా వాడికత్తితో గొంతును, రక్తనాళములను కోసి నెత్తురు వోడనిచ్చుట. ఝట్కా యనగా ఒక్క వేటున తల తెగవేయుట. ఈ రెండుమాటలును మతనిష్ఠగలవారికి కావలసినవే. సిక్కులు హలాలు మాంసమును ముట్టరు. ముస్లిములకు ఝట్కా కూడదు. కాని యీ మాటలు పశువు బాధను కొలువజాలవు. న్యూజిలాండులో ఎగుమతికై హలాలుగా కోయు గొఱ్ఱెలకు ముందుగా విద్యుత్తుచే స్పృహ తప్పింతురు. వేరొకచోట అదే పేరుతో స్పృహ తప్పింపకయే కోయుదురు. పే రొక్కటే, పద్ధతులు రెండు. ఐరోపా న్యాయస్థానము 2019లో, స్పృహ తప్పింపక వధించిన మాంసమునకు సేంద్రియ ముద్ర వేయరాదని తీర్పు చెప్పినపుడు, మతనామమును గాక వధాపద్ధతినే చూచెను. అది సరియైన చూపు.

మరియొక లోపము. మతవధ యనగానే మనవారి వేలు పొరుగింటివైపే పోవును. మన జాతరలలో అమ్మవారికి వేయు వేట మతవధ కాదా? ఈ ప్రాంతము మదరాసు రాష్ట్రములో నున్నపుడు, 1950లో, ఆలయములలో జంతుబలిని నిషేధించుచు శాసనము పుట్టెను. తమిళనాడు 2004లో దానిని రద్దుచేసెను. శాసనము పుట్టినను మన పల్లెలలో వేటలు మానలేదు. ఆ మాంసము మాట యెత్తక ఒక మతమువారి కొట్టుకే పలక కట్టుమనువారు సత్యమును కోరుటలేదు. 2022 వసంతమున కర్ణాటకమందు ఉగాదినాళ్లలో హలాలు మాంసమును బహిష్కరింపుమని సాగిన ప్రచారము, గుర్తు మాంసమును విడిచి మనిషిమీదికి పోవుట యెంత సులభమో చూపినది.

అట్లని దాచుటయు మేలుకాదు. ముస్లిము వర్తకులే తమ కొట్లమీద హలాలని వ్రాసికొనుచుండగా, ఆ మాట చెప్పుట అవమానమెట్లగును? మేము కోరునది యిది: అన్ని కొట్లకు ఒకే పలక. ఎక్కడ కోసిరి, వైద్యుడు చూచెనా, స్పృహ తప్పించిరా, మతవిధి యేదైన జరిగెనా. ఈ నాలుగు మాటలు చాలును. కోసినవాని కులమతములు పలకకెక్కరాదు.

కొల్లేటి కొఱ్ఱమీనునకు ఈ తగవులేదు. దానిని ముస్లిమును, సిక్కును, క్రైస్తవుడును, హిందువును నిశ్చింతగా తిందురు. అది గిలగిల కొట్టుకొనుటను మాత్ర మెవ్వరును విచారింపరు. మన జిజ్ఞాస దయచే పుట్టినదో, ద్వేషముచే పుట్టినదో ఈ చేపయే పరీక్షించును. పలక నడుగుటకు ముందు ప్రతిగృహస్థుడును ఆ పరీక్షకు నిలువవలెను.