మృచ్ఛకటికం ‘వ్యవహారాంకం’లో సాక్ష్యాల తూకం: చారుదత్తునిపై నేరారోపణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

శూద్రకుని మృచ్ఛకటికం తొమ్మిదో అంకంలో వసంతసేనను హత్యచేశాడన్న నేరం చారుదత్తునిపై మోపబడుతుంది. ఈ అన్యాయానికి శకారుని కుట్ర, పాలకరాజు క్రౌర్యం కారణాలని విమర్శకులు సాధారణంగా చెబుతారు. రాజు కలుగజేసుకోకముందే న్యాయసభ దోషనిర్ణయం చేసిందని, ఆ నిర్ణయం ఒక్కొక్కటిగా చూస్తే చాలావరకు నిజమైన సాక్ష్యాల మీదనే నిలిచిందని, లోపం ఆ సాక్ష్యాల నడుమ మిగిలిన ఖాళీలలో ఉందని ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: మృచ్ఛకటికం, వ్యవహారం, సాక్ష్యం, అనుమానం, మౌనం, ధర్మశాస్త్రం, మాండవ్యుడు.

1. ప్రవేశిక

సంస్కృత నాటకాలలో ఒక నేరవిచారణను ఫిర్యాదు మొదలు శిక్ష వరకు రంగస్థలం మీద నడిపించిన రచన మృచ్ఛకటికం. తిరుపతి వేంకటకవుల అనువాదం ద్వారా తెలుగు పాఠకులకు కూడా ఇది పరిచితమే. భాసుని పేర లభించిన ‘చారుదత్తం’ నాలుగు అంకాలతోనే ఆగిపోవడం వల్ల విచారణ ఘట్టానికి పోల్చి చూడదగిన పూర్వరూపం మనకు లేదు. కాబట్టి ఈ అంకాన్ని దాని లోపలి ఆధారాలతోనే తూచవలసి ఉంటుంది.

మన తరగతి బోధనలో ఈ అంకం పరిధి చాలా కుదించుకుపోయింది. ‘శకారుడు దుర్మార్గుడు, రాజు మూర్ఖుడు, చారుదత్తుడు అమాయకుడు’ అన్న మూడు మాటలతో ముగిస్తున్నాం. ప్రేక్షకునికి ఎనిమిదో అంకంలోనే నిజం తెలుసు. శకారుడు వసంతసేన గొంతు నులమడం, ఎండుటాకులతో కప్పడం, భిక్షువైన సంవాహకుడు ఆమెను బతికించడం - అన్నీ మన కళ్లముందు జరిగాయి. ఆ తెలివిడి అడ్డురావడం వల్ల న్యాయసభకు ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్న ప్రశ్నను మనం వేసుకోం. అధికరణికుని ఆసనంలో కూర్చుని చూస్తే ఈ అంకం మరోలా కనిపిస్తుంది.

2. చెరిగిపోయిన మాట

అధికరణికుడు చెడ్డవాడు కాడు. వాది, ప్రతివాదులు తమ తప్పులు దాచి మాట్లాడతారని, చివరికి నింద మాత్రం న్యాయాధికారికే దక్కుతుందని వాపోతూ అతడు సభకు వస్తాడు. రాజుగారి బావమరిది తొలి వాదిగా వచ్చాడని తెలిసి, ‘ఈరోజు నీ వ్యవహారం చూడం’ అంటాడు. ఉద్యోగం ఊడగొట్టిస్తానని శకారుడు బెదిరించాక లొంగిపోతాడు. ఈ లొంగుబాటును ఆధారం చేసుకొని భయమే తీర్పును రాసిందని చెప్పడం సులభం. కాని విచారణ మొదలయ్యాక అతడు వేసిన తొలి ప్రశ్నలు భయపడ్డవాడి ప్రశ్నలు కావు.

శకారుని తొలి వాఙ్మూలమే చూడాలి. డబ్బు కోసం ఎవడో దుర్మార్గుడు వసంతసేనను పుష్పకరండక జీర్ణోద్యానానికి తీసుకువెళ్లి, బాహుపాశంతో గొంతు బిగించి చంపాడని చెబుతూ, ఎవరూ అడగకుండానే ‘నాచేత కాదు’ అన్న అర్థం వచ్చే మాట తగిలించి నోరు మూసుకుంటాడు. సంస్కృత ప్రాకృతాలలోని కర్మణి నిర్మాణం ఇక్కడ నాటకకర్తకు ఉపకరించింది. తెలుగులో ‘నాచేత కాదు’ అంటే అశక్తత అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. ఆ నాలుక జారుడును ఉన్నదున్నట్లుగా తెలుగులోకి తేవడం అనువాదకునికి పరీక్షే.

అధికరణికుడు ఆ మాటను పట్టుకున్నాడు. దానినే వ్యవహారానికి మొదటి పాదంగా రాయమన్నాడు. కాయస్థుడు రాశాడు. శకారుడు కాలితో దాన్ని తుడిచివేసి, తాను చూశానని మాత్రమే అన్నానని సర్దుకున్నాడు. సభ ఊరుకోలేదు. డబ్బు కోసమేనని, చేతులతోనేనని ఎలా తెలిసిందని అడిగింది. మెడ బోసిగా ఉందని, నగలుండే చోట నగలు లేవని అతడు చెప్పాడు. శ్రేష్ఠికి, కాయస్థునికి అది పొసగినట్లే తోచింది.

ఈ అంకానికి మలుపు ఇక్కడేనని నా అభిప్రాయం. ‘చూశాను’ అన్నవాడు ఎక్కడ నిలబడి చూశాడు? చూస్తూ ఎందుకు ఊరుకున్నాడు? ఆ తోట ఎవరిది? తోట శకారునిదేనని ఉజ్జయినిలో అందరికీ తెలుసు. ఈ ప్రశ్నలు పడలేదు. లిఖితం తుడిచివేయబడింది; దానికి ప్రతిగా మరో లిఖితం రాయబడలేదు. ఇక ఆ క్షణం నుంచి విచారణ ఒకే వ్యక్తి వైపు నడిచింది.

3. బండిలో ఎవరు?

వ్యవహారం రెండు విధాలని, ఒకటి వాది ప్రతివాదుల మాటలను అనుసరించేదని, మరొకటి విషయాన్ని అనుసరించి న్యాయాధికారి బుద్ధితో తేల్చవలసినదని అధికరణికుడే చెబుతాడు. రెండో విధానానికి కావలసిన సందర్భం వీరకుని రాకతో వచ్చింది.

అంతకుముందు వసంతసేన తల్లి సిగ్గుపడుతూనే తన కుమార్తె చారుదత్తుని ఇంటికి వెళ్లిందని చెప్పింది. అది నిజం. ఆమె ఇంటికి తిరిగి వెళ్లిందని చారుదత్తుడు చెప్పాడు. ఎప్పుడు, ఎవరితో, ఎలా అన్న ప్రశ్నలకు అతని వద్ద సరైన జవాబు లేదు. తన కళ్లముందు వెళ్లలేదు కనుక నడిచి వెళ్లిందో బండిలో వెళ్లిందో తెలియదన్నాడు. ఇంతలో కావలి అధికారి వీరకుడు, చందనకుడు తనను తన్నాడన్న వేరే ఫిర్యాదుతో సభకు వచ్చాడు. చెరసాల తప్పించుకున్న ఆర్యకుని కోసం వెతుకుతుండగా చారుదత్తుని బండి వచ్చిందని, వసంతసేనను తోటకు తీసుకువెళ్తున్నట్లు బండివాడు చెప్పాడని, తానూ లోపల చూడబోతే చందనకుడు కాలితో తన్నాడని అన్నాడు.

వీరకుడు అబద్ధం చెప్పలేదు. కాని అతడు వసంతసేనను చూశానని కూడా చెప్పలేదు. అతని సాక్ష్యంలో వసంతసేన ఉనికి బండివాడైన వర్ధమానకుని మాట మీద మాత్రమే ఆధారపడి ఉంది. ఆ వర్ధమానకుని సభకు పిలవలేదు. మరొక సంగతి మరింత బలమైనది. ఆరో అంకంలో బండిలోకి తొంగిచూసిన చందనకుడు లోపలివారి గురించి చెబుతూ పుంలింగ పదం వాడి, వెంటనే స్త్రీలింగానికి మార్చుకుంటాడు. వీరకునికి అనుమానం వచ్చింది అక్కడే. తానూ చూస్తానని పట్టుబట్టడానికి కారణం బండిలో ఉన్నది స్త్రీ కాకపోవచ్చునన్న సందేహమే. అదే వీరకుడు సభలో తన్ను సంగతి చెప్పాడు గాని సందేహం సంగతి చెప్పలేదు. సభ అడగలేదు. శకారుని నాలుక జారుడును పట్టుకున్న సభకు చందనకుని నాలుక జారుడు అందనే లేదు.

చారుదత్తుడు ఎందుకు నోరు విప్పలేదు? వేశ్యతో స్నేహం చెప్పుకోవడానికి సిగ్గు అన్న కారణాన్ని నాటకం పైకి చూపుతుంది. అది అతని తొలి జవాబుల వరకు సరిపోతుంది. బండి విషయంలో మాత్రం సరిపోదు. ఆ బండిలో తోటకు వచ్చినది ఆర్యకుడు. ఏడో అంకంలో చారుదత్తుడు అతనికి అభయమిచ్చి, సంకెళ్లు తీయించి, అదే బండిలో సాగనంపాడు. సభ పిలుపు అందిన వెంటనే చారుదత్తుని మనసులో మెదిలినది కూడా వసంతసేన కాదు. పారిపోయినవానికి తాను బండి ఇచ్చిన సంగతి చారుల ద్వారా రాజుకు తెలిసిందేమోనన్న శంక. అతడు వర్ధమానకుని సాక్షిగా పిలిస్తే హత్యానేరం నుంచి బయటపడవచ్చు. కాని శరణన్నవానిని పట్టియిచ్చినవాడవుతాడు. కాబట్టి ఈ మౌనాన్ని మెత్తదనంగా, నిస్సహాయతగా చదవడం కంటె ఎంపికగా చదవడమే పాఠానికి న్యాయమని భావిస్తున్నాను. ధీరప్రశాంత నాయకుడన్న లక్షణకారుల మాటకు కూడా ఈ పఠనంలోనే బలం చేకూరుతుంది.

4. నగలు, వాఙ్మూలం

ఆరో అంకంలో రోహసేనుడు బంగారు బండి కోసం ఏడిస్తే వసంతసేన తన నగలు తీసి మట్టిబండిలో నింపింది. నాటకానికి పేరు తెచ్చిన ఆ వాత్సల్యమే తొమ్మిదో అంకంలో నేరసాక్ష్యమైంది. నగలను ఆమెకు తిరిగి ఇవ్వడానికి బయలుదేరిన మైత్రేయుడు మిత్రుని పిలిపించారని దారిలో విని సభకు వచ్చి, శకారునితో కలియబడ్డాడు. చంకలోని నగలు సభలో రాలాయి.

తల్లి వాటిని చూసి, అలాంటివే గాని అవి కావన్నది. ఈమెకు కూతురు పోయిందని చెబుతున్నారు. ఆ నేరం మోపబడినవానిని ఈమె కాపాడుతోంది. ఈ నాటకంలో చెప్పబడిన అబద్ధాలన్నిటిలో దీనికున్న బరువు మరొకదానికి లేదు. దాన్ని వ్యర్థం చేసినవాడు చారుదత్తుడే. అవి వసంతసేనవేనని ఒప్పుకున్నాడు. ఎలా వచ్చాయో మాత్రం చెప్పలేకపోయాడు. నిజం చెప్పమని మైత్రేయుడు ప్రాధేయపడితే, రాజు చూపు సత్యాన్ని చూడలేనంత బలహీనమని, దీనంగా మాట్లాడి నీచమైన చావు చావడమే మిగులుతుందని జవాబిచ్చాడు. మూడో అంకంలో దాచుకొమ్మని ఇచ్చిన నగలు దొంగలపాలైనప్పుడే దరిద్రుని మాట ఎవరూ నమ్మరని, పేదరికాన్నే లోకం శంకిస్తుందని అతడు అనుకున్నాడు. పసివాడి మట్టిబండి కథను ఈ సభ నమ్ముతుందా?

ఆ తరువాత వచ్చేది ఒప్పుకోలుగా స్వీకరించబడిన వాక్యం. వసంతసేన లేని జీవితం ఎందుకని తలపోసి, క్రూరుడనైన నాచేత ఆ స్త్రీరత్నం - అంటూ మొదలుపెట్టి, మిగిలినది ఇతడు చెబుతాడని శకారుని చూపి ఆగిపోతాడు చారుదత్తుడు. క్రియ లేని వాక్యం అది. ‘చంపబడింది’ అన్న క్రియను పూరించినవాడు శకారుడు. నీవూ చెప్పమంటే, నీవే చెప్పావు కదా అన్నాడు చారుదత్తుడు. సభ దానిని నేరాంగీకారంగా తీసుకున్నది.

విచారణ ఆరంభంలో శకారుని ‘నాచేత కాదు’, అంతంలో చారుదత్తుని ‘నాచేత’ - రెండు వాక్యాలలోనూ తూకం వేయవలసినది ఒకే మాట. మొదటిది అడగకుండా వచ్చింది, దాన్ని తుడవనిచ్చారు. రెండోది కొరడాదెబ్బల బెదిరింపు తరువాత వచ్చింది, అదీ అసంపూర్ణంగా. దాన్ని ప్రత్యర్థిచేత పూర్తిచేయించి నిలబెట్టారు. శూద్రకుడు రెండింటినీ ఒకే అంకం రెండు కొసల్లో ఉంచడం యాదృచ్ఛికమని అనుకోలేను.

5. ధర్మశాస్త్ర దృష్టి

ఈ సభ తన కాలపు ప్రమాణాలనైనా పాటించిందా? యాజ్ఞవల్క్య స్మృతి లిఖితం, భుక్తి, సాక్షులు అని మూడు మానుష ప్రమాణాలు చెప్పి, అవి లేనప్పుడు దివ్యాలను విధించింది. దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరము’గా తెలుగు చేయడంతో ఈ పరిభాష మన సాహిత్యంలోకీ వచ్చింది. శత్రువులు, లాభం ఆశించేవారు సాక్షులుగా తగరని మనువు అంటాడు. అయితే సాహసాది నేరాలలో సాక్షుల అర్హతను ఎక్కువగా పరీక్షించవద్దని స్మృతులే సడలింపు ఇచ్చాయి. కనుక శకారుని మాట విన్నందుకు సభను తప్పుపట్టలేం. కాని వాది ఒక్కడే ప్రత్యక్షసాక్షి అయినప్పుడు దివ్యం మిగిలే ఉంది. విషం, జలం, తుల, అగ్ని - వీటితో పరీక్షించి దోషి అని తేలితే అప్పుడు తన శరీరాన్ని రంపంతో కోయవచ్చునని చారుదత్తుడు ఆక్రోశించేది శిక్ష వెలువడిన తరువాత.

నారదస్మృతి మరింత సూటిగా మాట్లాడుతుంది. దొంగ కానివాడు దొంగగా, దొంగ దొరగా తేలే అవకాశం వ్యవహారంలో ఉందంటూ మాండవ్యుని ఉదాహరిస్తుంది. నన్నయ ఆదిపర్వం ద్వారా ఆ కథ తెలుగువారికి తెలిసినదే. మాండవ్యుని ఆశ్రమంలో దొంగసొమ్ము దొరికింది, మౌనవ్రతంలో ఉన్న ముని భటులకు జవాబు చెప్పలేదు, కొరత వేశారు. దొరికిన సొమ్ము, పలకని నోరు, శూలం - చారుదత్తుని కథలోని మూడు అంశాలూ అవే. స్మృతి హెచ్చరించిన తప్పునే సభ చేసింది.

ఆధునిక ప్రమాణాన్ని ప్రాచీన నాటకం మీద రుద్దడం నా ఉద్దేశం కాదు. అయినా పరిస్థితుల సాక్ష్యం గురించి 1984లో భారత సర్వోన్నత న్యాయస్థానం ఒక ప్రసిద్ధ తీర్పులో చెప్పిన సూత్రాలు ఇక్కడ గుర్తుకు రాక మానవు. సాక్ష్యాల గొలుసు ఎక్కడా తెగకూడదని, నిందితుని దోషానికి తప్ప మరొక వివరణకు తావివ్వకూడదని ఆ తీర్పు సారం. ఇంటికి వెళ్లింది, బండి కదిలింది, నగలు దొరికాయి - వీటిలో ఏదీ హత్యను చూపదు.

నిర్ణయం వరకే తమ అధికారమని, మిగిలినది రాజుదని అధికరణికుడు స్పష్టంగా చెబుతాడు. మనువు ప్రకారం బ్రాహ్మణుడు వధార్హుడు కాడని, దేశం నుంచి పంపివేయాలని సిఫార్సు చేస్తాడు. పాలకుడు దాన్ని తోసిపుచ్చి, ఆ నగలే మెడకు కట్టి దక్షిణ శ్మశానంలో శూలం వేయమంటాడు. శిక్ష రాజుది, దోషనిర్ణయం సభది. అధికరణికుని సిఫార్సులోని కరుణను మెచ్చుకునే విమర్శకులు, అది దోషిగా తేల్చాక చూపిన కరుణ అన్న సంగతిని దాటవేస్తున్నారు.

6. శవం ఎవరిది?

ఒక్క సాక్ష్యం మిగిలింది. తోటలో స్త్రీ శవం ఉందో లేదో చూసి రమ్మని సభ వీరకుని గుర్రం మీద పంపుతుంది. అధికరణికుని పక్షాన చెప్పుకోదగిన చర్య ఇది. మాటలు విని ఊరుకోకుండా నేరస్థలాన్ని పరిశీలింపజేశాడు. వీరకుడు తిరిగివచ్చి, మృగాలు పీక్కుతింటున్న స్త్రీ శవాన్ని చూశానన్నాడు. స్త్రీ అని ఎలా తెలిసిందని అడిగితే, మిగిలిన జుట్టును, కాళ్లు చేతులను బట్టి అన్నాడు. ఎంత నిపుణంగా విచారిస్తే అంత చిక్కుపడుతోందని అధికరణికుడు నిట్టూర్చాడు. శవం స్త్రీదని రుజువైంది, వసంతసేనదని కాదు. తల్లి సభలోనే ఉంది. ఆమెను గుర్తుపట్టమని పంపలేదు.

ఎనిమిదో అంకంలో విటుడు తిరిగివస్తూ చెప్పిన మాట ఒకటుంది. దారిలో చెట్టు కూలి ఒక స్త్రీ చనిపోయిందని. కథకు అవసరం లేనట్లు కనిపించే ఆ వాక్యమే వీరకుడు చూసిన శవానికి నాటకంలో దొరికే వివరణ. పదో అంకంలో వసంతసేన ప్రాణాలతో రావడంతో చారుదత్తుడు బతికాడు. స్థావరకుడు దాస్యవిముక్తుడయ్యాడు, చందనకునికి పదవి వచ్చింది, భిక్షువు విహారాలకు అధిపతి అయ్యాడు, శకారునికి క్షమాభిక్ష దక్కింది. తోటలో శవమైన స్త్రీ ఎవరో ఉజ్జయినిలో ఎవరూ అడగలేదు.