మొదటి కుర్చీలో ముక్కలు పడేసే విద్య

టెక్సస్ హోల్డెమ్ పోకర్‌కి తొమ్మిదిమంది కూర్చుంటే అందరికంటే ముందు నోరు విప్పాల్సిన కుర్చీ ఒకటుంటుంది. ముక్కలు చూడకముందే తప్పనిసరి పందేలు (స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్) వేసిన ఇద్దరి తర్వాతది. ఆటగాళ్లు దాన్ని ‘అండర్ ది గన్’ అంటారు. చేతిలో రెండు ముక్కలు, ఇంకా మాట్లాడాల్సినవాళ్లు ఎనిమిదిమంది, వాళ్ల దగ్గర ఏముందో తెలిపే ఆనవాలు ఒక్కటీ లేదు. పోకర్‌లో నైపుణ్యం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ కుర్చీనే చూపిస్తాను.

52 ముక్కల పేకలోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. అందులో ఆసుల జంటలు 6 మాత్రమే. అంటే 221 సార్లు పంచితే సగటున ఒకసారి. ఈ కుర్చీలో జాగ్రత్తపరుడు ఆడే ముక్కలు ఇవీ: ఏడుల జంట మొదలు ఆసుల జంట దాకా, ఆసు–రాజు, ఆసు–రాణి, ఒకే గుర్తువైతే ఆసు–జాకీ, ఆసు–పది, రాజు–రాణి. అన్నీ కలిపి 92. నూటికి ఏడు. మిగతా తొంభై మూడుసార్లు పడేయడమే.

రాజు–జాకీ వచ్చాయనుకోండి, ముచ్చటగా ఉంటాయి. కానీ మిగిలిన ఎనిమిదిమందిలో ఒక్కరికైనా పైన చెప్పిన ముక్కలు పడి ఉండే అవకాశం ఉజ్జాయింపుగా 42 శాతం. అదే బటన్ (పంచేవాడి కుర్చీ) దగ్గర కూర్చుని, ముందువాళ్లంతా తప్పుకుంటే, ఇక మిగిలేది బ్లైండ్లవాళ్లిద్దరే. అప్పుడది 13 శాతం. ముక్కలు మారలేదు, కుర్చీ మారింది. ఆసు–రాజు ఎదురైతే రాజు–జాకీ గెలిచేది దాదాపు నాలుగింట ఒకసారే. బల్ల మీద రాజు పడితే ఇంకా ప్రమాదం: ఇద్దరికీ రాజుల జంటే, కానీ ఎదుటివాడి పక్కముక్క ఆసు కాబట్టి పాట్ (పందెం మొత్తం) అతనిది, పోయేది మన చిప్స్. మొదటి కుర్చీలో ఉంటే ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత కూడా బ్లైండ్లవాళ్లను మినహాయిస్తే అందరికంటే ముందు పలకాల్సింది మనమే. చివరి ముక్క దాకా ఆ ఇబ్బంది వదలదు.

ఆడదగ్గ ముక్కలు పడ్డాయా, రైజ్ చేయాలి. బిగ్ బ్లైండ్‌కి రెండున్నర, మూడు రెట్లు చాలు. ఊరికే కాల్ చేస్తే అందరూ చవగ్గా దూరతారు. నలుగురైదుగురు ఉన్న పాట్‌లో ఆసుల జంటకైనా గెలుపు అవకాశం తగ్గిపోతుంది. ఆసుల జంటకీ ఏడుల జంటకీ రైజ్ మొత్తం ఒకటే ఉండాలి, లేకపోతే ఆ అంకే మన గుట్టు విప్పేస్తుంది. ఎవరైనా తిరిగి పెంచితే ఆసు–రాణిని కూడా చాలాసార్లు వదులుకోవాలి. కొత్తవాళ్లకు అన్నిటికంటే మనసొప్పనిది ఇదే.

డాయల్ బ్రన్సన్ 1976, 1977ల్లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీని రెండుసార్లూ పది–రెండు ముక్కలతోనే గెలిచాడు. ఆ ముక్కలకు ఆయన పేరే నిలిచిపోయింది. అది చూసి ఏ ముక్కలైనా ఆడొచ్చనుకుంటే పొరపాటు. అప్పుడు బల్ల దగ్గర మిగిలింది ఇద్దరే.

మన రమ్మీ ఆటగాళ్లకు ఈ తప్పుకునే విద్య బాగా తెలుసు. మొదట్లోనే తప్పుకుంటే (డ్రాప్) 20 పాయింట్లు, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ 80. ఎనభై తప్పించుకోవడానికి ఇరవై ఇచ్చుకుంటారు. ఆంటీ (అందరూ ముందే వేసే చిన్న పందెం) లేని పోకర్‌లో మొదటి కుర్చీవాడికి ఆ ఇరవై కూడా ఖర్చు లేదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టం నిషేధించింది. ఈ విద్య నేర్వడానికి డబ్బు అక్కర్లేదు కూడా. చింతగింజలు పంచుకుని ఆడండి. మొదటి కుర్చీలో ఏం పడేశారో కాగితం మీద రాసుకోండి, ఆట ముగిశాక మిగతావాళ్ల ముక్కలు తిప్పి చూడండి.